ఇసుకలో మిగిలిన గాలి

ల్యాబ్‌లో అందరూ ఆయన్ని తొందర బాబాయ్ అంటారు. టీ ఊదకుండా తాగేసి, నాలుక కాల్చుకుని, టీ పెట్టినవాణ్ణి తిట్టే రకం.

ఆయన ఉద్యోగం రాయికి చెవి పెట్టడం. భూమి లోతుల్లోంచి తీసిన ఇసుకరాయి ముక్కకి ఒక వైపు శబ్దం పుట్టించి, అది రెండో వైపుకి ఎంత వేగంగా చేరిందో చూస్తాడు. ఇసుక సందుల్లో నిండా నీళ్లుంటే శబ్దం పరుగెడుతుంది. గ్యాసుంటే కాళ్లీడుస్తుంది. చిత్రమేమిటంటే, చిటికెడు గ్యాసున్నా కడవెడు ఉన్నంత పనీ చేస్తుంది, కుండెడు పాలలో విషపు చుక్కలాగా.

గాలీ గ్యాసులాంటిదే. అందుకే ముక్కలో నీళ్లు నింపేముందు పంపు పెట్టి లోపలి గాలంతా లాగేయాలి. ఆ పంపు గంటల తరబడి మొత్తుకుంటుంది. తన బావమరిది పనిచేసే, గ్యాసు కోసం తవ్వే డ్రిల్లింగు సైటు నుంచి ముక్క వచ్చిన రోజున బాబాయి దాని గోల భరించలేక సగంలోనే కట్టేశాడు.

శబ్దం నత్తనడకన వచ్చింది. సైటులో భూమి లోపల కొలిచిన వేగమూ అంతే. నీళ్లు నిండిన ఇసుకలోనే ఇంత మెల్లగా నడిస్తే అక్కడున్నవీ ఉత్త నీళ్లేనని ల్యాబ్ పెద్ద మేడం తేల్చేసింది. సైటు ఎత్తేశారు. దాంతోపాటే బావమరిది ఉద్యోగమూ పోయింది. పెట్టె పట్టుకుని అక్కగారింట్లో దిగాడు.

ల్యాబ్‌లో పని పల్చబడింది. తొందరపడటానికి కూడా ఏమీ లేక, బాబాయి ఒకరోజు అదే ముక్కని ఆరబెట్టి, పంపుని దాని ఇష్టమొచ్చినంతసేపు మొత్తుకోనిచ్చి, నీళ్లు నింపి మళ్లీ కొలిచాడు. శబ్దం రివ్వున దూసుకొచ్చింది. బాబాయి పాత కొలత పక్కన కొత్త కొలత రాశాడు. మొదటిసారి ఇక్కడ కాళ్లీడ్చింది తను మిగిల్చిన గాలివల్ల. అక్కడ ఈడ్చింది గ్యాసువల్ల. అది చిటికెడో కడవెడో తవ్వితేగాని తెలీదు. తవ్వేవాళ్లేరీ?

మేడం అంతా విని తలుపు మూసింది.

"తవ్వే రిగ్గు వెళ్లిపోయింది బాబాయ్. ఇప్పుడు నోరు విప్పితే మీరూ నేనూ కూడా ఇంటికే."

ఆ సాయంత్రం బావమరిది టీ తెచ్చిచ్చి పక్కనే కూర్చున్నాడు.

"నిజం చెప్పు బావా. అక్కడ నిజంగా నీళ్లేనా?"

పుట్టి బుద్ధెరిగాక బాబాయి మొదటిసారి టీ ఊదాడు. ఊదుతూనే ఉన్నాడు, అది చల్లారి మీగడ కట్టేదాకా.

"నీళ్లేరా."

"పోన్లే. నువ్వు విన్నాక ఇంకేం అనుమానం," అంటూ బావమరిది తన గ్లాసు కడుక్కోవడానికి లేచాడు.