పులుపు ముందా, చేదు ముందా

నేను బడిపంతులమ్మని. కల్లు గురించి రాస్తున్నానంటే కొందరు మొహం చిట్లిస్తారని తెలుసు. చిట్లించుకోనివ్వండి. నాకు వచ్చిన విద్యల్లో నేను నిజంగా గర్వపడేది డీఎస్సీ రాసి నెగ్గిన విద్య కాదు. ఆకు దొప్పలో పోసిన జీలుగు కల్లును ఒక్క గుక్క నోట్లో పెట్టుకుని, అది ఏ పూట దించిందో, ఎంతసేపు నిలవుందో, అందులో చెక్క ఎంత పడిందో చెప్పగలగడం. మా స్టాఫ్‌రూములో ఈ మాట అనను కానీ, ఇక్కడ చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

మాది భద్రాచలం అవతల చర్ల దాటి అడవిలోకి వెళ్లాక వచ్చే ఊరు. కోయవాళ్లం. పోడు చేసుకుంటాం, ఇప్పపువ్వు ఏరుకుంటాం, ఇంటి వెనక జీలుగు చెట్టు ఉన్నవాడు తనకేదో జాగీరు ఉన్నట్టు నడుస్తాడు. మా నాన్నకు మూడు చెట్లుండేవి కాబట్టి ఆయన నడక ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి. జీలుగు చెట్టు తాటిచెట్టు జాతిదే కానీ, తొందరపడే రకం కాదు. ఏళ్లకేళ్లు ఊరికే పెరిగి పెరిగి, ఎప్పటికో పైనుంచి జడల్లాంటి గెలలు వేస్తుంది. ఆ గెల కొసను రోజూ పల్చగా గీస్తూ, కింద లొట్టి, అంటే మట్టికుండ, కట్టాలి. చుక్కచుక్కగా నిండుతుంది.

తెల్లవారుజామున దించితే కల్లు తియ్యగా ఉంటుంది. ఎండెక్కేకొద్దీ నురగ లేచి, మధ్యాహ్నానికి పులుస్తుంది. ఇంతవరకు ఎవరి కల్లైనా ఒకటే. మా నాన్న కల్లుకు పేరు తెచ్చింది చేదు. ఒక చెట్టు చెక్కను ఎండబెట్టి, చితక్కొట్టి, సాయంత్రం దించిన కల్లులో రాత్రంతా నానేసేవాడు. పొద్దున ఆ చెక్క తీసేసి, అప్పుడే దించిన తియ్య కల్లు అందులో కలిపేవాడు. అది ఏ చెట్టు చెక్కో అడగొద్దు. చెబితే మా నాన్న ఇప్పుడు కూడా ఊరుకోడు.

ఆ కల్లు నోట్లో పెట్టగానే ముందు పులుపు వచ్చేది, పచ్చి చింతకాయ కొరికినట్టు దవడలు జివ్వుమనేవి. అది తగ్గుతుండగా నాలుక వెనక నుంచి చేదు మెల్లగా లేచేది. మింగాక చేదు కూడా పోయి, ఎక్కడో అడుగున ఉన్న పొద్దుటి తీపి కాసేపు నిలిచేది. పులుపు, చేదు, తీపి ఒకదాన్నొకటి తోసుకోకుండా వరసగా రావడమే పనితనం. ఒకసారి మా బడిలో పనిచేసే ఖమ్మం సారు భద్రాచలం నుంచి బీరు సీసా తెచ్చి మా నాన్నకు పోశాడు. మా నాన్న చప్పరించి, "చేదుంది సారూ, పులుపేది?" అని అడిగాడు.

"బీరు పులిస్తే పారబోస్తరు పెద్దయ్యా" అన్నాడు సారు.

మా నాన్నకు నిజంగా జాలేసింది. "పులుపు లేని చేదు దవాఖానా మందు లెక్కుంటది. పాపం, మీరు గిదే తాగుతరా?" అన్నాడు. సారు ఆ తర్వాత మా ఇంటికి సీసా తేలేదు, ఖాళీ చెంబు తెచ్చుకునేవాడు.

ఒక ఏడు వానలు తగ్గుముఖం పట్టాక మా నాన్నకు మలేరియా తలకెక్కింది. భద్రాచలంలో పన్నెండు రోజులు దవాఖానాలో ఉంచి, సగం మనిషిని ఇంటికి తెచ్చుకున్నాం. చలికాలంలో గెలలు గీతకు వచ్చాయి. చెట్టెక్కే సత్తువ ఆయనకు లేక మా అన్న ఎక్కాడు. కలపడం మాత్రం ఆయనే. ఆ ఏటి మొదటి కల్లు, ఒక ఆదివారం పొద్దున, నాకు దొప్పలో పోశాడు. గుక్క నోట్లో పడగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉత్త చేదు. చెక్క మూడింతలు పడింది. ఆయన మాత్రం నిండు దొప్ప తాగి, కనురెప్ప కూడా ఆడించకుండా, "కుదిరింది గదా బిడ్డా" అన్నాడు. నేను తలూపాను. ఇంట్లోకి వెళ్తే మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, "రాత్రి కూరల ఉప్పెయ్యడం మర్శిన. మీ నాయిన ఏమనకుండ తిన్నడే" అంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

సరిగ్గా అప్పుడే మా అన్న పెళ్లి మాట వచ్చింది. మా దగ్గర పిల్లను అడగడానికి వెళ్తే మగపిల్లాడి ఇంటివాళ్లు తమ చెట్ల కల్లు తీసుకుని వెళ్లాలి. పిల్ల ఇంటి పెద్దలు అది తాగితే మాట కుదిరినట్టు. తర్వాత వాళ్లూ తమ కల్లు పోస్తారు. ఇందులో ఒక చిక్కుంది. పిల్ల తండ్రి కూడా గీతలో చేయి తిరిగినవాడు. వాగుకు ఇటు మా నాన్న, అటు సగం పూట నడక దూరంలో ఆయన, ఎవరి కల్లు గొప్పదో పదేళ్లుగా తేలలేదు. మా అన్న ఆ పిల్లను తప్ప ఇంకొకరిని చేసుకోనని కూర్చున్నాడు. మా నాన్న ఉన్నట్టుండి, "పెండ్లి ఓ ఏడాది ఆపుదాం" అన్నాడు. కారణం చెప్పడు. అన్న రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ పిల్లను ఇంకో ఊరివాళ్లు కూడా అడుగుతున్నారని అందరికీ తెలుసు.

మూడో రోజు మా నాన్న చెట్టు కింద గీత కత్తి నూరుకుంటుంటే నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"నాయినా, నీకు రుచి తెలుస్తలేదు గదా."

కత్తి నూరడం ఆపలేదు. "ఎవ్వరికి జెప్పినవ్?"

"అమ్మకు దెలుసు. అన్నకు తెల్వదు."

"తెల్వనియ్యకు" అన్నాడు. కత్తి పదును వేలితో చూసుకుంటూ, "జొరం పొయ్యేటప్పుడు నా నోరు తీస్కపోయింది బిడ్డా. ఏది పెట్టినా నీళ్లే. గిట్ల పోయి ఆ మనిషి ముంగట ఏం కల్లు పోస్త?" అన్నాడు. మా నాన్న గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది, దాంతోపాటు కోపం కూడా వచ్చింది.

"నా నోరుంది గదా. నువ్వు అడుగు, నేను జెప్త. నువ్వు కలుపు."

"నీకేం దెలుస్తదే? చెట్టెక్కెటోళ్లకే సక్కగ తెల్వదు."

"నువ్వు మూడింతలు చెక్క యేస్తే ఎవలు పట్టిండ్రు? నేనే గద."

కత్తి పక్కన పెట్టి నా వైపు చూశాడు. దవాఖానా నుంచి వచ్చాక మొదటిసారి నవ్వాడు. పెళ్లి ఏడాది ఆపుదామన్న మాట మళ్లీ ఎత్తలేదు.

అలా మొదలైంది మా బడి. నేను విద్యార్థిని, ఆయన పంతులు. రోజూ తెల్లారకముందే చెట్టు కిందికి వెళ్లేవాళ్లం. ఆయన దొప్పలో కాస్త పోసి అడిగేవాడు. "పులుపు ముందొచ్చిందా, చేదు ముందొచ్చిందా?" "చేదు నాలుక కొసకా, వెనకకా?" "మింగినంక ఏం మిగిలింది?" నోటికొచ్చింది చెబితే ఒప్పుకునేవాడు కాదు. "బాగుంది" అంటే చిరాకు పడేవాడు. "బాగుందంటే నాకేం దెలుస్తది? ఏడ బాగుందో జెప్పు." బీఈడీలో నాకు ఎవరూ ఇంత గట్టిగా పాఠం చెప్పలేదు. బడి ఉన్న రోజుల్లో చప్పరించి ఉమ్మేసేదాన్ని, పిల్లల ముందుకు కల్లు వాసనతో వెళ్లేంత తెలివితక్కువదాన్ని కాను.

ఐదో రోజుకు కుదిరింది. పులుపు, చేదు, తీపి, మూడూ వరసగా వచ్చాయి. ఎగిరి గంతేశాను. మా నాన్న ఒక చెంబు కల్లు పక్కన పెట్టి, "బడి నుంచి వొచ్చినంక తాగి జెప్పు" అన్నాడు. సాయంత్రం తాగితే మొహం వంకర్లు పోయింది. ఉత్త పులుపు.

"పిల్ల ఊరికి పొయ్యేటాళ్లకు నడినెత్తి మీదికి ఎండ వొస్తది. కల్లు ఇంటికాడ కుదిరితే ఏం లాభం? ఆల్ల వాకిట్ల కుదరాలె" అన్నాడు మా నాన్న.

బస్సులో కల్లు ఎక్కనివ్వరు కాబట్టి నడిచే పోవాలి. అంటే మన ఇంట్లో బయలుదేరేటప్పుడు అది ఇంకా తీపిగా, కుదరనట్టుగా ఉండాలి. దారిలో ఎండకు, కావడి ఊపుకు పులుపెక్కి, అక్కడ దొప్పలో పోసే వేళకు సరిగ్గా నిలవాలి. పొద్దున తాగి మధ్యాహ్నపు రుచి చెప్పాలన్నమాట. దానికి ఇంకో వారం పట్టింది. రోజూ పొద్దున చెప్పింది రాసిపెట్టుకుని మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టగానే ఇంటికి పరిగెత్తి సరిచూసుకునేదాన్ని. ఎన్నిసార్లు తప్పానో చెప్పను. చివరి రెండు రోజులు మాత్రం తప్పలేదు.

వెళ్లే రోజు పొద్దున ఒక గుక్క తాగి, "ఇంక దోసెడు తియ్యది పొయ్యి" అన్నాను. మా నాన్న మారుమాట లేకుండా పోశాడు. పదేళ్ల పేరు నా నాలుక మీద పెట్టి కావడి ఎత్తించాడు. దారి పొడుగునా అన్న కావడి కాస్త కుదిపినా గయ్యిమనేదాన్ని. వాడికి సంగతి తెలియదు కదా, "పెండ్లి నాదా, నీదా?" అని విసుక్కున్నాడు.

పిల్ల ఇంటి వాకిట్లో అడ్డాకు దొప్పలు పేర్చారు. పిల్ల తండ్రి మొదటి నాలుగు చుక్కలు నేల మీద చనిపోయిన పెద్దలకు వదిలి, ఒక గుక్క నోట్లో పెట్టుకున్నాడు. నేను ఆడవాళ్ల మధ్య కూర్చుని ఆయన గొంతునే చూస్తున్నాను. మింగలేదు. మింగాడు. కళ్లు మూసుకున్నాడు. తర్వాత దొప్ప మొత్తం ఒక్క ఊపున తాగి, "జొరమొచ్చి మూలకు పడ్డవన్నరు గద బావా. ఇది పోయినేటి దానికంటే మంచిగుంది" అని ఒప్పుకున్నాడు. దొప్పలు చేతులు మారాయి. పెద్దలందరూ తాగారు. పిల్లనిచ్చినట్టే. నాకు లేచి నిలబడి ఇది నా పనే అని అరవాలనిపించింది. అరవలేదు, మా నాన్న పరువు నిలబడిందని పైకి తెలియకుండా లోపలే కాలరెగరేశాను.

అయితే ఒక సంగతి మా ఇద్దరికీ తట్టనే లేదు. వాళ్లూ కల్లు పోస్తారు. పోసినవాడు గీతగాడు, తాగేవాడు గీతగాడు. ఊరికే బాగుందంటే అవమానించినట్టు. ఏడ బాగుందో చెప్పాలి.

పిల్ల తండ్రి తన లొట్టి నుంచి దొప్ప నింపి మా నాన్న చేతికిచ్చాడు. "ఇగ నువ్వు జెప్పాలె బావా."

మా నాన్న ఒక గుక్క తాగాడు. నేను సైగ చేయడానికి చాలా దూరంలో ఉన్నాను, చేసినా ఏమని చేస్తాను? ఆయన ఇంకో గుక్క తాగి చూశాడు. ఏదో ఒకటి అనెయ్యి నాయినా అని లోపల మొత్తుకుంటున్నాను. తప్పు చెబితే అందరికీ తెలిసిపోతుంది.

"నీకు అబద్ధం జెప్పలేను బావా" అన్నాడు. "జొరం అయినప్పటి సంది నా నోటికి రుచి లేదు. ఇందాక నువ్వు మెచ్చుకున్న కల్లు కలిపింది నేనే గని, రుచి జూసింది నేను గాదు. ఆడ కూసున్నది నా బిడ్డ. ఆమె జెప్పింది, నేను కలిపిన. నీ కల్లు సంగతి గూడ ఆమెనే జెప్పాలె."

మా అన్న గిర్రున నా వైపు తిరిగాడు. దాచిపెట్టి కాపాడుదామని నేను ఇన్నాళ్లు పడ్డ పాటు మొత్తాన్ని ఆయన ఒక్క మాటతో వాకిట్లో పెట్టేశాడు. లేచి వెళ్లాను. మా నాన్న తన దొప్ప నా చేతికిచ్చాడు.

నోట్లో పోసుకుని, తొందరపడకుండా, మా నాన్న అడిగే ప్రశ్నలన్నీ నాకు నేనే వేసుకున్నాను.

"మామా, ఇది నిన్న పొద్దుమూకినంక దించింది. పొద్దటిది కలపలేదు, అందుకే తీపి లేదు. పులుపు మంచిగుంది, గట్టిగ పట్టుకుంటంది. చెక్క వేసినవ్ గని జల్దీ తీసేసినవ్, చేదు నాలుక కొసకే ఆగింది. కొంచెం పలచగుంది. నీ చెట్టు వాగొడ్డునుంటదా?"

"అవ్, ఒడ్డునే" అన్నాడాయన. మొహంలో నవ్వు లేదు.

"ఇంకోటి ఉంది. చెప్పొద్దా?"

"చెప్పు."

"లొట్టి కొత్తది. మన్ను వాసనొస్తంది."

గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య పకపకా నవ్వింది. "ముసలోడా, పాత లొట్టి కట్టమంటే ఇన్నవా?" ఆయన లొట్టిలోకి వంగి వాసన చూసి, తలెత్తి నా వైపు చూసి, కొత్త దొప్ప నింపి రెండు చేతులతో నాకిచ్చాడు. అలా రెండు చేతులతో గీతగాళ్లకే ఇస్తారు. నాకు అప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి, చేదు వల్ల కాదు.

మా నాన్న తన దొప్ప అడిగి తీసుకుని, మిగిలిన కల్లు చివరిదాకా తాగి, మీసం తుడుచుకున్నాడు. పిల్ల తండ్రి ఊరుకోలేక అడిగాడు.

"రుచే తెల్వదంటివి గద బావా. మరి ఎందుకు గంత ఇష్టంగ తాగుతున్నవ్?"

"ఎందుకు తెల్వదు?" అన్నాడు మా నాన్న. "నా బిడ్డ జెప్పినట్టే ఉంది."