ఆళ్లగడ్డ రోడ్డులో ఎగిరిన రాళ్లు

1984లో నేను నంద్యాలలో ఒక బస్సు డిపోలో క్లర్కును. బస్సుకు ఏ చిన్న దెబ్బ తగిలినా ఇన్సిడెంట్ రిపోర్టు రాయాలి. ఎక్కడ, ఎలా జరిగిందో డ్రైవరు చెబితే నేను రాసి సంతకం తీసుకునే కాగితం అది. దాన్ని చదివేవాళ్లెవరూ ఉండరని అప్పట్లో నా నమ్మకం.

ఆళ్లగడ్డ మీదుగా చాగలమర్రి పోయే రోడ్డులో ఒక ఊళ్లో రెండు వర్గాలకు పడేది కాదు. అవతలి వర్గం మనిషి బస్సులో ఉన్నాడని తెలిస్తే చాలు, రాళ్లు పడేవి. అద్దం పగిలిన బస్సుతో వచ్చిన డ్రైవర్లందరిదీ ఒకటే మాట.

"టైరు కింది రాయి ఎగిరి తగిలిందని రాయప్పా."

దాడి అని రాస్తే పోలీసు కేసు, కోర్టు, సాక్ష్యం. మర్నాడు మళ్లీ అదే ఊరి మీదుగా బండి తోలాలి. పాపం, నిజమే కదా అని వాళ్లు చెప్పినట్టే రాశాను. ఆ రోడ్డులో రాళ్లకు రెక్కలు తొడిగింది నేనే.

ఆ ఏడే బస్సుల రక్షణకు ప్రభుత్వం గ్రాంటు ఇచ్చింది. దాడులు జరిగే రూట్లలో ముందు అద్దానికి మెష్, అంటే ఇనుప వల బిగిస్తారు. ఎస్కార్టుగా ఒక పోలీసు బస్సులోనే తోడు వస్తాడు. జాబితాలో మా రోడ్డు లేదు. మేనేజరు ఇచ్చిన ఉత్తరం పట్టుకొని కర్నూలు ఆఫీసుకు పోతే, అక్కడి అధికారి నా రిపోర్టుల కట్టనే నా ముందు పెట్టాడు.

"ఇది నీ రాతే కదయ్యా? మీ రోడ్డులో ఒక్క దాడీ జరగలేదు. మెష్ ఎందుకు, ముందు రోడ్డు బాగు చేయించుకోండి."

ఉత్తరం మడిచి జేబులో పెట్టుకొని తిరుగు బస్సెక్కాను.

పది రోజులకు డ్రైవరు దానియేలు కుడికంటికి రాయి తగిలింది. రక్తం కారుతున్నా బండిని ఊరు దాటించి, జనం దిగాకే స్టీరింగు వదిలాడట. నేను ఫారం తీసుకుని ఆసుపత్రికి వెళ్లాను.

"ఈసారి జరిగిందే రాస్తానన్నా."

"ఒద్దప్పా. ఎగిరిందనే రాయి. రేపు మళ్లా ఆడికే పోవాల గదా."

మంచం పక్కనున్న అతని భార్య రూతమ్మ ఉండబట్టలేక కసిరింది. "ఇంగ యాడికి పోతావ్? ఒంటికన్నుతో నీకు బండి ఇస్తారా?"

అప్పటిదాకా ఆ మాట అతనితో ఎవరూ అనలేదు. చాలాసేపు గోడవైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత ఫారం కోసం చెయ్యి చాచాడు.

"ఈడ పెట్టాల్నా సంతకం? ఇసిరినోళ్ల పేర్లు గూడా చెప్తా, రాసుకో. ఆ రోడ్డుతో నాకింగ పనేముండాది?"

నాకు ఏడుపొచ్చింది. మేలు చేస్తున్నాననుకుని నేను తేలిగ్గా రాసిన మాటలకు ఇతని కన్ను పోయింది.

ఆ ఒక్క రిపోర్టుతో కొన్ని నెలలకు మా రూటుకు మెష్‌లు, ఎస్కార్టు వచ్చాయి. దానియేలును గ్యారేజీలో హెల్పరుగా వేశారు. మెష్ బిగించాక ఒకటికి రెండుసార్లు లాగి చూసుకునేవాడు.

రాయి ఎగిరిందనే రాయమని డ్రైవర్లు ఆ తర్వాత కూడా నన్ను బతిమాలారు. పేర్లు చెప్పమని వాళ్లనెప్పుడూ ఒత్తిడి చేయలేదు. "ఎవరో రాయి విసిరారు. వివరాలు చెప్పడానికి డ్రైవరు భయపడుతున్నాడు" అని మాత్రం రాసేవాణ్ణి. వాళ్ల భయం కూడా ఆ రోడ్డులో జరుగుతున్న సంగతే. దాన్ని కాగితం మీద పెట్టడమే నా ఉద్యోగమని తెలుసుకోవడానికి నాకు ఒక మనిషి కన్ను కావాల్సి వచ్చింది.