తడి గొంగడి

మర్రిగూడ పక్క పల్లెలో ఉన్న ఒకే ఒక్క ఫోను, ఇంటిమీది ఏరియల్‌తో పనిచేసే తీగలేని ఫోను, గొర్లు కాసే బీరన్న ఇంట్లోనే ఉండేది. దాన్ని ఆయన మందలో జీవాన్ని చూసుకున్నట్టే చూసుకునేవాడు.

భార్య లక్ష్మీనర్సమ్మ పట్నం దవాఖానలో ఉండగా ముసురు పట్టింది. వాగు పొంగి బస్సులు బందయ్యాయి.

"బాపూ, అమ్మ నీతోని మాట్లాడ్తనంటాంది..." అని దవాఖాన నుంచి కొడుకు ఐలేశం ఫోనులో అంటుండగానే లైను తెగింది. బీరన్న బ్యాటరీ కొనలు గీకాడు, వైర్లు బిగించాడు, ఫోనును తిట్టాడు, చివరికి మొక్కాడు. ఇంటిమీది ఏరియల్ వానకు నానుతోందని తోచి, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లకు కప్పినట్టు తన గొంగడి దానికి కప్పాడు. వచ్చిపోతున్న లైను మొత్తానికే పోయింది. ఒక్క గొంగడి చాలలేదేమోనని భార్య గొంగడి కూడా తెచ్చి చుట్టాడు.

మూడోరోజు వాన వెలిశాక లైన్‌మన్ వచ్చి, పైకి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఏరియల్‌కు వానేం జేస్తదే బీరన్నా? తడి గొంగళ్లు గిట్ల చుడితె సిగ్నల్ ఏడికెళ్లి వస్తది?"

గొంగళ్లు లాగేసిన కాసేపటికే ఫోను మోగింది.

"బాపూ, మూడొద్దుల సంది ఫోను చేస్తున్న. నిన్న పొద్దుగూకే దాన్క అమ్మ నిన్నే అడిగింది..."

ఈసారి లైను తెగలేదు. కొడుకు ఏడుపు పక్కనే ఉన్నంత స్పష్టంగా వినపడింది.