మా మరిది అంగీలు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ గడప మీద వద్దు, చాప మీదికి రండి, ఫ్యాను గాలి ఇక్కడిదాకానే వస్తుంది. నాకు చదువు చిన్నప్పుడే ఆగిపోయింది కానీ, చూసినదాన్ని మరిచిపోయే అదృష్టం మాత్రం దేవుడు నాకు పెట్టలేదు. ఈ పొద్దున, చాలా నెలల తర్వాత, మా నాచారం గల్లీలోకి స్టీలు సామాన్ల ఆమె వచ్చింది. ఇప్పుడు అందరూ ఆటోకు మైకు కట్టుకొని తిరుగుతున్నారు గానీ ఈమె ఇంకా తన గొంతునే నమ్ముకుంది. తల మీద గిన్నెల గంప, చంకలో పాత బట్టల మూట. "పాత బట్టలకూ... స్టీలు గిన్నెలే..." అని కేక వేసిందంటే వెనక గల్లీలో కుక్కలు కూడా లేచి కూర్చుంటాయి. మా గేటు ముందు ఆగి, పైన డాబా మీద బట్టలు ఆరేస్తున్న మా చెల్లెను చూసి నవ్వుతూ అడిగింది: "అక్కా, అన్న ఒళ్ళు చేసిండా?" ఆ మాటకు మా చెల్లె చేతిలోని తడిచీర తీగ మీదికి పోలేదు, కిందికీ రాలేదు. ఆమె ఆ మాట ఎందుకు అడిగిందో మీకు తెలియాలంటే మా మరిది సంగతి మొదటి నుంచి చెప్పాలి.

మా మరిది అంటే మా చెల్లె పెనిమిటి. కింద మేము, పైన వాళ్ళిద్దరు. పిల్లలు లేరు. మల్లాపూర్ షెడ్లలో వెల్డింగు పని చేసేవాడు. మనిషి ఎంత లావంటే, నాచారం నుంచి ఉప్పల్‌కు షేర్ ఆటో ఎక్కితే డ్రైవరు వెనక్కి తిరిగి, "అన్నా, నువ్వు ఒక్కనివా, ఇంకెవరన్న ఉన్నరా నీ వెనక?" అనేవాడు. దానికి ఈయన కోప్పడకపోగా, పక్కన కూర్చున్న వాళ్ళను కూడా నవ్వించి దిగేవాడు. రెడీమేడ్ అంగీ ఒక్కటీ పట్టేది కాదు. ఉప్పల్‌లో ఒక పాత టైలరు ఉండేవాడు, అతను తప్ప ఈయనకు ఎవరూ కుట్టలేరు. కొలత తీసేటప్పుడు టేపు ఒక కొస ఈయన చేతికే ఇచ్చి, "అన్న, నువ్వు కదలకు, నేనే ప్రదక్షిణం జేసి వస్త" అనేవాడట. పండక్కి గుడ్డ తీసుకుంటే ఈయన అంగీకి పట్టినంత గుడ్డలో మా ఆయనకు అంగీతో పాటు చేతిసంచి కూడా వచ్చేది. ఆ మాట అంటే మా మరిది, "వదినె, నీకు సంచి కావాల్నంటే సక్కగ అడుగు, నా కడుపు మీద పడకు" అనేవాడు. వదినె మరిదుల పరాచికాలు మీకు తెలియనివా. మా ఇద్దరికీ రోజు గడిచేదే వాటితో.

సుగరుందని డాక్టరు చెబితే నడక మొదలుపెట్టాడు. చీకటితోనే లేచి నడిచేవాడు, రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తినేవాడు. తగ్గాడు. గల్లీ అంతా మెచ్చుకుంది. పాల దుకాణం దగ్గర ఆడవాళ్ళు, "ఏం తింటున్నవన్నా, మాగ్గూడ జెప్పు" అంటే, నిలబెట్టి మరీ పాఠం చెప్పేవాడు. బెల్టుకు మేకుతో కొత్త బొక్క కొట్టుకొని, అదేదో పతకమైనట్టు నాకు తెచ్చి చూపించాడు. మేమంతా సంబరపడ్డాం. ఇంకా తగ్గాడు. ఇంకా మెచ్చుకున్నారు. రొట్టె కూడా సయించడం లేదని, తిన్నది కడుపులో నిలవడం లేదని మా చెల్లె నాతో చెప్పేసరికి, మెచ్చుకునేవాళ్ళు ఒక్కొక్కరే మానేసి, ఆయన రాగానే మాట మార్చడం మొదలుపెట్టారు. దవాఖానకు తీసుకుపోతే కడుపులో గడ్డ అన్నారు. ముదిరిందన్నారు. కోసి తీసే కాలం దాటిందన్నారు. ఒళ్ళు తగ్గించుకోవాలని ఆయన తిప్పలు పడుతుంటే, అదే పని ఆ గడ్డ ఎప్పుడో మొదలుపెట్టి ఉంది. ఎంత తగ్గింది నడకతోనో, ఎంత తగ్గింది రోగంతోనో ఎవరు చెప్పగలరు?

బట్టలు నిలవకుండా జారిపోతుంటే మా చెల్లె రెండు జతలు తీసుకొని ఉప్పల్ టైలరు దగ్గరికి పోయింది, నేనూ తోడు పోయాను. ఆ రోజు అతను పరాచికం ఆడలేదు. అంగీలు మడిచి కుట్టి చేతిలో పెడుతూ, "లోపల గుడ్డ కత్తిరియ్యలేదమ్మా, మడత పెట్టి అట్లనే ఉంచిన. ఒళ్ళొచ్చినంక కుట్లు విప్పుకుందాం" అన్నాడు. మా చెల్లె ఆ మాటను కొంగున ముడి వేసుకుంది. డాక్టర్లు ఎన్ని చెప్పినా దానికి ఎక్కలేదు, టైలరు చెప్పిన మాట ఎక్కింది. ఆ మడత గుడ్డ లోపల దళసరిగా ఉండి, మాంసం కరిగిన పక్కటెముకలకు ఒరుసుకునేది. ఒకరోజు మా చెల్లె ఇంట్లో లేనప్పుడు, "వదినె, జర కత్తెర దే" అన్నాడు. తెచ్చి ఇచ్చాను. అంగీ తిరగేసి, ఆ మడతను కాసేపు వేళ్ళతో తడిమి, "వద్దు తియ్, ఇది జూస్తే అది తట్టుకోదు" అని కత్తెర నాకే ఇచ్చేశాడు.

మిగిలిన అంగీలు, ప్యాంట్లు బీరువాలో ఉండేవి. మా చెల్లె ప్రతి ఆదివారం వాటిని డాబా మీద ఎండకు వేసేది. వాడని బట్టలు ఉతికేది, ఇస్త్రీ చేసేది, మళ్ళీ మడిచి పెట్టేది. గాలికి ఆ అంగీలు ఉబ్బితే లోపల మనిషి ఉన్నట్టే ఉండేది. కొత్తగా కాప్రా నుంచి వచ్చి ఎదురింట్లో దిగినామె, "మీ ఇంట్ల ఎవరో పహిల్వాన్ ఉన్నట్టుంది" అన్నది నాతో. అదే డాబా మీద, ఆ అంగీల నీడలోనే, మా మరిది కుర్చీలో దుప్పటి కప్పుకొని కూర్చొని ఉన్నాడు. ఆమె ఆయన్ను చూసి ఎవరో ముసలాయన అనుకుంది.

ఒకరోజు మా చెల్లె ఉప్పల్‌కు మందులకూ కూరగాయలకూ పోయింది. నేను జావ తీసుకొని పైకి పోతే, మా మరిది బీరువా ముందు కింద కూర్చొని బట్టలన్నీ దుప్పట్లో కుప్ప పోస్తున్నాడు. ఏందయ్యా ఇది అన్నాను. "వదినె, స్టీలు సామాన్లామె కేక ఇనవడ్డది. పిలువు" అన్నాడు. చెల్లె వచ్చాక చూద్దామన్నాను. "అది ఉంటే ముట్టనిస్తదా?" అని ఆగి, ఊపిరి తీసుకొని, నెమ్మదిగా చెప్పాడు. "నేను పోయినంక ఇది ఒక్కొక్క అంగీ పట్టుకొని కూసుంటది. పోయినోని బట్టలు ఇంట్ల ఉంచుకోరు, ఇస్తమంటే ఎవ్వరు ముట్టరు. అన్ని గట్టి గుడ్డలు వదినె. ఇప్పుడైతే ఇవి ఉన్నోని బట్టలు. నా చేతులతోని నేనే ఇస్త. అది మల్ల మల్ల ఏడ్వద్దు." మా వైపు పోయినవాళ్ళ బట్టలు చాకలికే పోతాయి, ఇంకెవరూ తీసుకోరు. ఆయన చెప్పింది నిజమే. నేను మూట భుజాన వేసుకొని దిగాను. ఆయన ఒక్కో మెట్టు మీదా కూర్చుంటూ, లేస్తూ నా వెనక దిగాడు.

గేటు లోపల స్టీలామె గంప దించి, ఒక అంగీ తీసి వెలుతురుకు పట్టి చూసింది. కాలర్ చూసింది, చంకలు చూసింది, బొత్తాలు లాగి చూసింది. "మస్తు గుడ్డ ఉంది. ఎవరియన్నా ఇవి?" అంది. "నావే" అన్నాడు. ఆమె మా గల్లీకి వచ్చే వేళకు ఆయన ఎప్పుడూ షెడ్డులోనే ఉండేవాడు, ముందు చూసింది లేదు. ఆయన్ను కింది నుంచి పైదాకా చూసి నవ్వింది. "పరాచికాలాడకన్నా. మీ పెద్దన్నయా?" "నావేనమ్మా." అప్పుడు ఆమె నవ్వు ఆపింది. అంగీని మెల్లగా మడిచి కుప్ప మీద పెట్టి చేతులు వెనక్కి తీసుకుంది. "తప్పనుకోకన్నా. పోయినోళ్ళ బట్టలు నేను ముట్ట. నాగ్గూడ ఇంట్ల పిల్లలున్నరు." "ఆయనవేనమ్మా, నేను చెబుతున్న గదా" అన్నాను. "ఇంటోళ్ళు గట్లనే అంటరక్కా" అని గంప ఎత్తుకోబోయింది.

మా మరిది మొహంలో అప్పుడు చూసింది నేను దవాఖానలో కూడా చూడలేదు. బతికి ఉండగానే తాను తానేనని సాక్ష్యం చెప్పుకోవలసి వచ్చింది. కుప్పలోంచి నీలిగీతల అంగీ తీసి, వేసుకున్న అంగీ మీదే తొడుక్కున్నాడు. చేతులు వేళ్ళు దాటి వేలాడాయి. కాలర్‌లో ఇంకో మెడ పట్టేది. "ఇగో సూడు" అన్నాడు. ఛాతీ మీద, జేబు పక్కన, వెల్డింగు రవ్వ పడి కాలిన చిన్న బొక్క ఉంది. "ఈ రవ్వ నా మీదనే పడ్డది. లోపల మచ్చ ఉంది, సూడు." లోపలి అంగీ బొత్తాలు విప్పి మచ్చ చూపించబోయాడు. మచ్చ ఛాతీ మీదే ఉంది. పై అంగీ బొక్క మాత్రం ఎక్కడో కడుపు దగ్గర వేలాడుతోంది. ఆయన గుడ్డను గుప్పిట పట్టి, కుచ్చులు పోసి, పైకి లాగి, ఆ బొక్కను మచ్చ మీదికి తేవాలని చూస్తున్నాడు. అది జారిపోతోంది, మళ్ళీ లాగుతున్నాడు. స్టీలామె నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

గేటు చప్పుడైంది. కూరగాయల సంచితో మా చెల్లె నిలబడి ఉంది. "అక్కా, ఇవి నిజంగ అన్నయేనా?" అంది స్టీలామె. మా చెల్లె కుప్పను చూసింది, ఆయన్ను చూసింది. ఇప్పుడు ఇది పెద్దగా ఏడ్చి, బట్టలన్నీ లాక్కొని పైకి పోతుందనుకున్నాను. సంచి కింద పెట్టింది. "మా ఆయనయే. కండ్లు కనిపిస్తలేవా?" అంది. ఆయన దగ్గరికి వచ్చి, చిన్నపిల్లవాడికి విప్పినట్టు పై అంగీ విప్పింది. మోకాలి మీద పరిచి, చేతులు లోపలికి మడిచి, బీరువాలో పెట్టినంత శ్రద్ధగా మడిచి, కుప్ప మీద పెట్టింది. తర్వాత కొంగు నడుముకు చుట్టుకొని గంప ముందు కూర్చుంది. "ఏమిస్తవ్?"

ఆమె ఒక చిన్న గిన్నె తీసింది. "ఈ చిప్పకా? ఒక్కొక్క అంగీల నీకు రెండంగీల గుడ్డ వస్తది. చెయ్యి బెట్టి సూడు." "లావోళ్ళయి తొందరగ పోవక్కా." "పోకుంటె కత్తిరించుకుంటరు. సన్నపోనిది లావోనికి ఎట్ల అతుకుతరు? లావోనిది ఎవ్వనికైన వస్తది. మా ఆయన బట్టలు గంత అగ్గువ కావు." మెట్టు మీద కూర్చున్న మా మరిది, "ఏమే, పెండ్లయినకాడికెల్లి నా లావును నువ్వు గింత మెచ్చుకుంటే ఇనలే" అన్నాడు. "నువ్వు నోర్ముసుకొని కూసో" అంది తల తిప్పకుండానే. గొంతు మాత్రం మెత్తబడింది. చివరికి గంప అడుగున ఉన్న అన్నిటికన్నా పెద్ద వంటగిన్నె, గంజు, తీయించింది. మూత లేకుండా గంజేం చేసుకుంటానని మూత కూడా తీయించింది. స్టీలామె మూట కట్టుకొని, పోతూ పోతూ మా మరిది వైపు చూసి, "మంచిగ తినన్నా. ఒళ్ళు చేసినంక, ఒంటి మీద ఉన్న ఆ చిన్నంగీలు గూడ నాకే ఇయ్యాలె" అంది. "నీకే" అన్నాడు.

ఆ గంజు ఇద్దరి ఇంటికి ఎందుకు పనికొస్తుంది? దాని అడుగున ఆయనకు గుక్కెడు జావ కాచేది మా చెల్లె. పైనుంచి చూస్తే బావిలో నీళ్ళు చూసినట్టు ఉండేది. ఆదివారాలు డాబా తీగ ఖాళీగా ఉండేది. దాన్ని తప్ప మరెక్కడైనా చూస్తూ కూర్చునేవాళ్ళిద్దరూ. వానలు పడేలోపే ఆయన పోయాడు. ఒక జత ఒంటి మీదనే పోయింది, రెండో జత చాకలికి పోయింది, లోపలి మడత గుడ్డతో సహా. మా చెల్లె బీరువా తలుపు తెరవవలసిన పని పడలేదు. ఆయన అనుకున్నది అంతవరకు నెరవేరింది. ఏడవకుండా ఉండడం ఎవరి చేతిలోనూ లేదు కదా. దినాల నాడు మేడిపల్లి నుంచి, ఊళ్ళ నుంచి చుట్టాలు వచ్చారు. మా చెల్లే అన్నది, "అక్కా, పెద్ద గంజు తే" అని. ఆ గంజు మొదటిసారి నిండా ఉడికింది ఆ రోజే.

ఈ పొద్దున స్టీలామె అడిగిన మాటకు మా చెల్లె తడిచీర తీగ మీద పడేసి కిందికి దిగి వచ్చింది. "చిన్నంగీలు నాకిస్తనన్నడు అన్న" అంది ఆమె, ఇంకా నవ్వుతూనే. "ఇయ్యనీకి లెవ్వు" అంది మా చెల్లె. "ఒకటి తొడుక్కొనే పోయిండు." ఆమె గంప దించింది. మా గడప మీద కూలబడింది. నేను మంచినీళ్ళు ఇస్తే తాగి, చెంబు కొంగుతో తుడిచి నా చేతికి ఇచ్చింది. మా చెల్లె వైపు తిరిగి, "గంజు మంచిగున్నదా అక్కా?" అని అడిగింది. "మంచిగున్నది. అడుగంటదు" అంది మా చెల్లె. గంప తలకెత్తుకోవడానికి రెండో మనిషి చెయ్యి కావాలి, ఎత్తింది మా చెల్లే. ఆమె పోయింది. గల్లీ మలుపు తిరిగేదాకా కేక వేయలేదు. ఇన్నేళ్ళలో ఆమె మా గల్లీని అంత నిశ్శబ్దంగా దాటడం నేను ఎరుగను. మలుపు తిరిగాక, ఎక్కడో దూరం నుంచి, "పాత బట్టలకూ..." అని సన్నగా వినిపించింది. మా చెల్లె పైకి పోయి చీర ఆరేసింది.

కాలం కూడా అంతేనమ్మా. మన గడప ముందు కాసేపు గొంతు తగ్గించుకుంటుంది, మలుపు తిరగగానే తన కేక తాను వేసుకుంటూ పోతుంది. పొద్దెక్కింది, మీరూ లేవండి. మీ ఇంట్లో అందరి బట్టలూ ఏటికేడు బిగుతు కావాలి, మీ టైలరు చేతికి కుట్లు విప్పే పనే తప్ప వేసే పని పడకూడదు, మీ తీగ మీద ఆరిన ప్రతి అంగీలోకీ దాని మనిషి నవ్వుతూ తిరిగి రావాలి. చల్లగా ఉండండి.