అట్టలక్క గీసిన కొంగ

వీధిలో అందరూ ఆమెను అట్టలక్క అంటారు. డీవీడీ పెట్టెలకు అట్టలు చేయడం ఆమె పని. పెళ్లి వీడియోలు, బడి వార్షికోత్సవాలు, అసలు అట్ట ఎక్కడో పారేసుకున్న పాత సినిమాలు, ఏది తెచ్చినా ముందుగదిలో కంప్యూటరు ముందు కూర్చుని, ముందూ వెనకా, మధ్యలో పేరు పట్టే సన్నటి వీపూ కొలిచి, కొట్లో కొన్నదే అన్నట్టు చేసి ఇస్తుంది. ఈ రోజుల్లో డీవీడీలు ఎవరు చూస్తారండీ అని అడిగేవాళ్లకు ఒకటే జవాబు: చూసేవాళ్లు నా దగ్గరికొస్తారు, చూడనివాళ్లు మీలా అడుగుతారు.

ఆమెకు చిహ్నాల పిచ్చి. చెరిగిపోయిన గుర్తును ఫొటో తీసి, దాని అంచు వెంబడి మౌసుతో చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ కొత్త గీత గీస్తుంది. వెక్టర్ గీత అంటారు దాన్ని. గోడంత పెద్దది చేసినా చెదరదు. ఉన్నది ఉన్నట్టు దించాలన్నది ఆమె పట్టుదల.

ఆ పట్టుదల బాబాయి పని దగ్గర బోల్తా పడింది.

బాబాయీ పిన్నీ ముప్ఫై ఏళ్లు దారాల బొమ్మలు ఆడించారు. ఆ ఆటల రికార్డింగులు పన్నెండు డిస్కులు, మార్కరుతో గిలికిన పేర్లతో, గ్రంథాలయంలో పడి ఉన్నాయి. కళను బతికించాలని వేదికలెక్కి గొంతు చించుకున్న పెద్దల్లో ఒక్కరూ వాటికి ఒక అట్ట వేయించిన పాపాన పోలేదు. ఇప్పుడు కొత్తగా వచ్చిన లైబ్రేరియన్ అలమరలు దులుపుతోంది. వీపు మీద పేరూ గుర్తూ లేని డిస్కులన్నీ శనివారానికల్లా బయటికే.

ఇంటికి తెచ్చేసుకోవచ్చు కదా అంది అట్టలక్క.

"ఇంట్లో చూసేదెవరమ్మా? నేనూ మీ పిన్నీ. మేం ఆడించినవాళ్లమే కదా" అన్నాడు బాబాయి.

వాళ్ల బృందం గుర్తు అప్పట్లో బాబాయి రంగుతో గీసిన ఒంటికాలి కొంగ. అది మిగిలింది బొమ్మల ఇనప్పెట్టె మూత మీద ఒక్కచోటే. ఆమె ఫొటో తీసుకుంది. రెండు రోజులు కళ్లు లాగేలా కూర్చుని, నూట నలభై చుక్కలతో కొంగను దించి, నమూనా అట్ట పట్టుకెళ్లింది. బాబాయి బాగుందన్నాడు కానీ ఆ మాటలో ప్రాణం లేదు. పిన్ని కళ్లజోడు సవరించుకుని చూసింది.

"ఏమే, ఈ కొంగకు గొంతులో చేప అడ్డం పడిందా?"

"పెట్టె మీద అలాగే ఉంది పిన్నీ."

"అది మెడ వంపు కాదే తల్లీ, సొట్ట. లారీ మీంచి పెట్టె పడ్డప్పటిది. ఇదిగో, కనుబొమ్మ అని గీశావే, అది తుప్పు."

అట్టలక్క మొహం కందగడ్డ అయింది. ఇంటికొచ్చి సొట్ట తీసేసి మెడను ఊహించి గీసింది. ఒకసారి బాతు వచ్చింది, ఇంకోసారి పాము. గురువారం మళ్లీ వెళ్లి, అసలెలా గీశావని బాబాయిని అడిగింది. ఆయన రెండు చేతులూ ముందుకు చాపాడు. వేళ్లు వణుకుతున్నాయి.

"గీయొద్దు బాబాయ్. ఎక్కడ మొదలెట్టావో, ఎక్కడ తిప్పావో చెప్పు చాలు."

ఆయన పెట్టె ముందు నిలబడ్డాడు. వేళ్లను వదిలేసి భుజం నుంచి చెయ్యి ఊపాడు. ముక్కు దగ్గర మొదలట, నడినెత్తి దాటేదాకా ఆగలేదట. ఇక్కడ మణికట్టు తిప్పి తోక దాకా ఒకటే ఊపట. కాలు అన్నిటికన్నా చివర. ఆయన తిప్పానన్న చోటల్లా, అక్కడ మాత్రమే, ఆమె ఫొటో మీద ఒక చుక్క పెట్టుకుంది. లెక్కేస్తే తొమ్మిది. ఆ తొమ్మిది చుక్కల మధ్య గీత సాగదీసేసరికి, ఎగరబోతూ ఆగినట్టు కొంగ నిలబడింది. ఇన్నేళ్లుగా రంగునూ తుప్పునూ దించుతున్నానే తప్ప, గీసిన చేతిని ఎప్పుడూ అడగలేదని ఆమెకు అప్పుడే తట్టింది.

శుక్రవారం పన్నెండు అట్టలూ పట్టుకెళ్తే, లైబ్రేరియన్ నంబరు స్టిక్కరు తీసి మొదటి పెట్టె వీపు మీద ఆనించింది. కొంగ కాలు మాయమైంది.

"అడుగున రెండు సెంటీమీటర్లు స్టిక్కరుదమ్మా. అందరికీ అదే రూలు" అంది.

కళ గురించి ఒక ఉపన్యాసం అందుకోవడానికి మంచి అదనే. అట్టలక్క అందుకోలేదు. ఇంటికెళ్లి కొంగను రెండు సెంటీమీటర్లు పైకి జరిపి, పన్నెండూ మళ్లీ అచ్చు తీసి, శనివారం తలుపులు మూసేలోపు తెచ్చింది. లైబ్రేరియన్ స్కేలుతో కొలిచి, స్టిక్కర్లు అంటించి, పెట్టెలను వరసగా అలమరలో నిలబెట్టింది. పన్నెండు కొంగలూ ఒకే ఎత్తున నిలిచాయి.

రెండు వారాల తర్వాత బాబాయి ఫోను చేశాడు. కోప్పడుతున్నట్టే మొదలుపెట్టాడు కానీ మాటల్లో సంబరం దాగడం లేదు.

"అలమరలో ఏడోది లేదమ్మా. ఎవరో ఇంటికి పట్టుకుపోయారట. ఎవరో చెప్పమంటే ఆ లైబ్రేరియన్ చెప్పదు, రూలట. అది చూశాక వాళ్లు ఎనిమిదోది చూడాలి, అదే కథ సాగుతుంది. ఆ సంగతి వాళ్లకెలా తెలుస్తుంది?"

"వెనకట్ట మీద ఒక లైను చోటుంది బాబాయ్. ఏం రాయాలో చెప్పు" అని ఆమె కీబోర్డు ముందుకు లాక్కుంది.