మోటారు గాలి పీల్చేదాకా

"నాన్న పోయారు, మావయ్యా" అంది మా కోడలు. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. పొయ్యి ఆపి, ప్రెస్ తలుపు మూసింది. ఈ దేశంలో వంటింటి అలమరని ప్రెస్ అంటారు. ఎందుకో వచ్చిన నాటినుంచీ అడుగుతున్నాను, ఎవరూ చెప్పలేదు. డ్రోహెడా ఆసుపత్రిలో పోయిన మనిషి మా కోడలికి తండ్రి, నాకు వియ్యంకుడు. ఆయనే ఉంటే "అసలు సంగతికి రండి బావగారూ" అనేవారు. వస్తున్నాను.

ఆయన బ్యాంకుల తరఫున పొలాలకు, నీటి వంతులకు విలువ కట్టేవారు. మా వైపు ఉమ్మడి బావిలో వాటాలు అణాల లెక్కన ఉంటాయి. నాది నాలుగణాలు, అంటే పావు వాటా; నాలుగు రోజులకోసారి మోటారు నాది. చాలామంది తాతలనాటి ధర చెప్పి మీసం తిప్పుతారు. ఈయన దగ్గర అది సాగేది కాదు. మోటారు వేయించి, బావి అడుగంటి అది గాలి పీల్చేదాకా గట్టు మీంచి లేచేవారు కాదు. వేసవి మారితే విలువ మళ్ళీ కట్టాల్సిందే. "నిరుడు పారిన నీళ్ళు చూపించి ఈ ఏడు అప్పడక్కండి" అని రైతు మొహం మీదే అనేవారు. పక్కన ఆ రైతు పెళ్ళాం నిలబడి ఉన్నా అనేవారు. దయ ఆయన సంచిలో ఉండేది కాదు.

మా అబ్బాయికి పిల్లనివ్వడానికి వచ్చినప్పుడు జాతకం అడగలేదు, మోటారు వెయ్యమన్నారు. కాఫీ చల్లారేలోపే అది దగ్గింది. "నీళ్ళు లేవు బావగారూ. అబ్బాయికి ఉద్యోగం ఉంది, కానివ్వండి" అన్నారు, బంధువులందరి ముందూ. మా ఆవిడ ఆ మాటను పోయేదాకా మోసింది.

నా వంతు కొనాలని మా మరదలి ఆశ. మా తమ్ముడు పోయాక ఆ పక్క చేను ఆమే చేస్తోంది. తన వంతు నీళ్ళు సగం చేనుకే సరిపోతాయి. వియ్యంకుడు చెప్పిందే ధర అని ఇద్దరం ఒప్పుకున్నాం. అప్పటికాయన కొడుకు దగ్గర డ్రోహెడాలో ఉంటున్నారు. ఏటా వేసవిలో ఓ ఆదివారం మేముండే ఆడమ్స్‌టౌన్‌కి వచ్చి, కూతురి వంటింట్లో కూర్చుని ఊరికి ఫోను కలిపించేవారు. అక్కడ మరదలు పైపు మూతి దగ్గర ఫోను పట్టుకునేది. ఇక్కడ ఈయన కళ్ళు మూసుకుని వినేవారు. కిటికీ బయట వాన.

"ఈజ్ ఇట్ గ్రాండ్, తాతా?" అనేది మనవరాలు. బాగుందా అనడానికి ఇక్కడి మాట అది.

"గ్రాండూ లేదు, గాడిదగుడ్డూ లేదు. బురద" అని ధర ఇంకాస్త దించేవారు. బురద కొని మరదలేం చేసుకుంటుంది? ఊరుకునేది.

పోయిన వేసవికి పై చెరువుకు కాలువ నీళ్ళొచ్చి బావి నిండింది. ఈయన అప్పటికే ఆసుపత్రి మంచం మీద. ఫోనులోంచి నీళ్ళు దుమికిన చప్పుడుకి నర్సు లోపలికి తొంగి చూసింది. ఆయన చాలాసేపు విన్నారు. మోటారు గాలి పీల్చలేదు. ధర చెప్పారు.

"అన్నయ్యగారూ, బర్రెల్ని అమ్మినా అంత రాదు" అంది మరదలు. "నిరుటి ధరకిప్పించండి."

"నిరుడెందుకు కొనలేదమ్మా?"

"నిరుడు నీళ్ళెక్కడివి?"

"ఇవాళున్నాయిగా మరి" అని ఫోను నా చేతిలో పెట్టేశారు.

ఆమె ఏడుపు నేను విన్నాను. "కాస్త తగ్గిస్తే మీదేం పోయింది?" అన్నాను.

"వంతు మీది, ఊరికే ఇచ్చుకోండి. నాచేత అబద్ధం చెప్పించకండి" అని గోడవైపు తిరిగారు. ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే. వారం తిరక్కుండానే కోడలికి ఆ ఫోను వచ్చింది.

నా చదువంతా కొట్లో సరుకులు పొట్లం కట్టిచ్చిన కాగితాల మీద చదువుకున్నదే. ఏ మాటనైనా ఏటా మళ్ళీ సరిచూసుకోవాలని నేర్పిన మనిషి ఈయనొక్కరే. ప్రేమగా నేర్పలేదు. నేర్పారు, అంతే.

ఈ వేసవి ఎవరూ అడక్కుండానే మరదలు ఫోను చేసి, మాట్లాడకుండా పైపు దగ్గర పెట్టింది. నేను ఫోనుని ఆయన కూర్చునే కుర్చీ ఎదురుగా, టీ కప్పుకి ఆనించాను. పైపు నిండా నీళ్ళు.

"ఎంత, బావగారూ?" అంది మరదలు.

"ఏమీ వినపడటం లేదమ్మా. ధర సున్నా" అన్నాను.

సింకు దగ్గర కోడలు వెనక్కి తిరిగింది. అచ్చం తండ్రి చూపు. "నాన్న ఉంటే ఒప్పుకునేవారు కాదు, మావయ్యా."

"అందుకే ఆయన పోయాక చెప్పాను."

అవతల మరదలు మోటారు ఆపలేదు. ఖాళీ కుర్చీ ముందు నీళ్ళు అలా పడుతూనే ఉన్నాయి.