అరచేతి పరీక్ష

మా పేట క్యాంప్ 2లో బళ్లు బాగుచేసే మిస్త్రీ బాబాయి మాటకంటే ఆయన అరచేతినే ఎక్కువ నమ్మేవాళ్లం. బండిని కాసేపు నడిపి, దిగి, నాలుగు చక్రాలకూ వరసగా చెయ్యి ఆనించేవాడు. బ్రేకు పట్టేసిన చక్రం వేడెక్కుతుంది. డీజిల్ అంతా ఆ రాపిడికే పోతుంది.

మా పాత జీపు లీటరుకు ఏడు కిలోమీటర్లే ఇచ్చేది. ఎయిర్ ఫిల్టరు, ఇంజెక్టర్లు, టైర్లలో గాలి చూసి, కాగితం మీద ఒక్కొక్కటీ కొట్టేసి, ఆయన దగ్గరికి తీసుకెళ్లాను.

"నాలుగూ బిల్కుల్ సల్లగున్నాయి బాబూ. పంపు మార్చాలి" అన్నాడు.

నేనూ వెనక చక్రం ముట్టుకున్నాను. చెయ్యి చుర్రుమంది.

"ఇది కాలిపోతోంది బాబాయ్!"

ఆయన మళ్లీ చెయ్యి ఆనించి, తియ్యకుండా ఉంచాడు. అరచెయ్యి ఎర్రబడుతున్నా ముఖంలో మార్పు లేదు. నేనే ఆయన చెయ్యి లాగేశాను.

"సుగరంట. సేతికి సురుకు తెలీక ఆర్నెల్లయ్యింది. ఎవలికీ సెప్పకు నాయినా, ఈ సెయ్యిని సూసే బళ్లొస్తన్నాయి."

బ్రేకు సరిచేశాక జీపు పదకొండు ఇచ్చింది. నేనెవరికీ చెప్పలేదు. సెక్టర్ 4 బడిపిల్లల్ని తీసుకెళ్లే జీపు కూడా ఆయన దగ్గరికే వచ్చేది. నేనక్కడున్న రోజుల్లో దాని చక్రాలు ముట్టుకుని చూసేవాణ్ని. లేని రోజుల్లో ఎవరూ చూసేవారు కాదు.